వినబడని మనిషికి మంచి ఆంప్లిఫయర్ ఎందుకట

మా బాపుకు చెవులు సరిగా వినబడవు. ఈ మాట అనగానే ఎదుటివాళ్ళ ముఖంలో ఒక నవ్వు మొదలవుతుంది. కళ్ళు కనబడవంటే అయ్యో అంటారు. కాలు బాగాలేదంటే కుర్చీ జరుపుతారు. చెవులు వినబడవంటే మాత్రం పెదవి బిగించి నవ్వు ఆపుకుంటారు. కొందరు ఆ మాత్రం కష్టం కూడా పడరు. పెళ్ళిలో, బస్సులో, ఆఖరికి దవాఖాన వరండాలో కూడా ఇదే చూశాను, చూసిన ప్రతిసారీ నా ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది, అందుకే ఇది రాస్తున్నాను.

బాపు భూపాలపల్లి దగ్గర బొగ్గుగనిలో పని చేశాడు. భూమి లోపల బొగ్గు గోడకు రంధ్రాలు వేసే మిషన్ పట్టుకునేవాడు. ఆ చప్పుడు కొంత, వయసు కొంత, రెండూ కలిసి చెవులను తినేశాయి. రిటైరయ్యాక అవ్వను, అంటే మా అమ్మను, తీసుకుని రేగొండ పక్కన మా ఊరికి వచ్చేశాడు. పత్తి వేస్తాడు, రెండు బర్రెలున్నాయి. నేను మానుకోటలో బడిపంతులమ్మను. అన్నకు జనగామలో ట్రాక్టర్ సామాన్ల దుకాణం. ముగ్గురం మూడు దిక్కుల ఉన్నా పండక్కీ పబ్బానికీ కలుస్తాం, ఫోన్‌లో రోజూ మాట్లాడుకుంటాం. మాట్లాడుకుంటాం అంటే నేను, అవ్వ, అన్న. బాపుతో ఏదైనా చెప్పాలంటే అవ్వకు చెప్తాం. ఆయన ఏమన్నాడో కూడా అవ్వే చెప్తుంది. కొన్నిసార్లు అడగకుండానే చెప్పేస్తుంది.

ఆయనకు పొలం తర్వాత ప్రాణం భజన. మా ఊళ్ళో శనివారం శనివారం భజన మేళం కూర్చుంటుంది, తత్వాలు పాడతారు. ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకోవాలి. గనిలో ఉన్నన్నాళ్ళూ షిఫ్టు చూసుకుని మరీ వచ్చి ఎత్తుకున్నది మా బాపే. ఆయన చిడతలు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడంటే ఊరు నిశ్శబ్దమయ్యేది. అలాంటివాడు మెల్లగా తాళం తప్పడం మొదలుపెట్టాడు. వెనకవాళ్ళు అందుకోవడం ముగిసిందో లేదో ఆయనకు తెలియదు, వాళ్ళు పాడుతుండగానే తర్వాతి చరణంలోకి వెళ్ళిపోతాడు. ఒకసారి అందరూ నవ్వారట. ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఆయన కూడా నవ్వాడట. తర్వాత అవ్వను అడిగి తెలుసుకున్నాడు. మళ్ళీ శనివారం నుంచి పోలేదు.

నాకు ఆ నవ్వు సంగతి అవ్వ చెప్పినప్పుడు, ఆ మేళం మొత్తాన్ని నిలబెట్టి నా క్లాసులో పిల్లలను కడిగినట్టు కడగాలనిపించింది.

హన్మకొండలో చెవుల డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఏదో పరీక్ష చేస్తున్నప్పుడు బాపు ఒక మాటన్నాడు. "ఇనవడ్తది సారు. సమజైతలేదు."

డాక్టర్ దాన్నే నాకు విడమరిచి చెప్పాడు. బరువైన శబ్దాలు ఈయనకు బాగానే అందుతున్నాయి. డప్పు, మోటారు, మగగొంతులోని మోత, అన్నీ వస్తున్నాయి. పోయినవి సన్నటి శబ్దాలు. స, త, చ లాంటి వాటిని పుట్టించే గాలి ఊదే శబ్దాలు. మాట అర్థమయ్యేది వాటితోనే. అందువల్ల మనిషి మాట్లాడుతున్నాడని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నాడో తెలియదు. ఇంకో ఇబ్బంది కూడా చెప్పాడు. ఇలాంటి చెవికి తక్కువ శబ్దం అందదు, కొంచెం ఎక్కువైతే ఒక్కసారిగా బాధ పుడుతుంది. అంటే మనం అరిచిన కొద్దీ ఆయనకు నొప్పి పెరుగుతుందే తప్ప అర్థం పెరగదు. ఇన్నేళ్ళు ఇంటిల్లిపాదిమీ ఆయన చెవిలో అరిచాం.

చెవి మిషన్ ఇచ్చారు. ఎదురుగా ఒక్కరు కూర్చుని మాట్లాడితే దానితో బాగానే ఉంటుంది. పాట దగ్గరికి వచ్చేసరికి రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుంది అన్నాడు బాపు. పాట వినాలంటే దాన్ని తీసి జేబులో పెట్టుకుంటాడు.

ఇంట్లో పాట వినడానికి అన్న ఎప్పుడో ఇచ్చిన సెట్టు ఒకటుంది. కింద పెద్ద డబ్బా, చుట్టూ చిన్న డబ్బాలు, ముందు ఎర్రగా నీలంగా వెలిగే లైట్లు. బాపు గురువుగారు పాడిన తత్వాలు మెమరీ కార్డులో ఉన్నాయి, గురువు ఇప్పుడు లేడు. అవి పెడితే మద్దెల ఇల్లంతా దద్దరిల్లుతుంది. గురువు మాట మాత్రం బురదలో కూరుకుపోతుంది. బాపు సౌండ్ పెంచుతాడు. మద్దెల ఇంకా పెరుగుతుంది. అవ్వ చెవులు మూసుకుని తిడుతుంది. బాపు ఆపేసి మంచంలో అటు తిరిగి పడుకుంటాడు. ఇది నేను కళ్ళారా చూసిన సాయంత్రమే నిర్ణయించుకున్నాను, ఈయనకు మంచి ఆంప్లిఫయర్, మంచి స్పీకర్లు కొనాలని.

అన్నకు ఫోన్ చేసి చెప్పాను.

"బాపుకు మంచిది ఎందుకే చెల్లె," అన్నాడు. "ఇనరానోనికి మంచిదేంది, చెడ్డదేంది. సౌండ్ ఎక్కువున్నది కొంటె సాలు."

మా అన్న చెడ్డవాడు కాదు. బాపుకు జ్వరమొస్తే దుకాణం మూసి పరుగెత్తుకొస్తాడు. ఆ మాట నోటినుంచి ఎంత సులువుగా వచ్చిందో చూడండి. చూపు తగ్గినవాడికి గీతలు పడ్డ కళ్ళద్దాలు చాలు అని ఎవరైనా అంటారా? వినబడే మనకు చెడ్డ సెట్టయినా పర్వాలేదు, పోయిన మాటను మన మెదడు అతికించుకుంటుంది. సగం చెవి ఉన్నవాడికే కదా మంచిది కావాలి. ఇది చెప్తే అన్న "సరే తీ, నీ ఇష్టం" అన్నాడు. నీ ఇష్టం అంటే నువ్వు చెప్పింది నాకు ఎక్కలేదు అని.

బాపును కూడా అడిగించాను. అవ్వ ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టింది. "నాకెందుకు బిడ్డ మంచిది," అన్నాడు ఆయన కూడా. ఊరంతా అంటే కోపమొచ్చింది. ఆయనే అనేసరికి ఏడుపొచ్చింది.

తర్వాత పాఠానికి తయారైనట్టే తయారయ్యాను. బడి అయ్యాక ఇంట్లో కూర్చుని చదివాను, విన్నాను, తెలిసినవాళ్ళ ఇళ్ళకు పోయి సెట్లు పెట్టించుకున్నాను. చివరికి నాకు అర్థమైంది ఇంతే. ఆంప్లిఫయర్ పని చిన్న శబ్దాన్ని పెద్దది చేయడం. పెంచాలి, మార్చకూడదు. మార్కెట్లో అమ్మేవాటిలో ఎక్కువ భాగం మార్చడాన్నే గొప్పగా చెప్పుకుంటాయి. డబ్బా మీద వేలకు వేల వాట్లు రాస్తారు. అది ఆ మిషన్ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి వేసే కేక. గంటసేపు నింపాదిగా ఎంత ఇవ్వగలదన్నది వేరే లెక్క, దాన్ని చిన్న అక్షరాల్లో వెనకాల రాస్తారు, కొందరు అసలు రాయరు. శక్తికి మించి పెంచితే ఏ మిషనైనా శబ్దం కొసలను నరికేస్తుంది. అప్పుడు గరగర పుడుతుంది, ఆ గరగర సరిగ్గా సన్నటి శబ్దాల మీదే వచ్చి కూర్చుంటుంది. బాపుకు అసలే అందనివి అవే.

కాబట్టి ఆయనకు కావలసింది అరిచే మిషన్ కాదు. ఇంకా బలం మిగిలి ఉండగానే నిదానంగా పాడే మిషన్. బరువు శబ్దానికి ఒకటి, సన్న శబ్దానికి ఒకటి విడివిడిగా తిప్పే మరలు, అంటే నాబ్‌లు, ఉండాలి. స్పీకర్లు రెండే, దానికి జతపడేవి. మైకు పెట్టుకునే చోటు ఉంటే మంచిది, ఎప్పటికైనా బాపు మళ్ళీ పాడతాడేమో అని నా ఆశ.

జనగామలో అన్నకు తెలిసిన దుకాణం ఉంది, ఆదివారం అక్కడికి పోయాం. బాపును కూడా తీసుకురమ్మన్నాను, వినేది ఆయన కదా. "ఆయనొచ్చి ఏం జేస్తడు, పరేషాన్ తప్ప" అని అన్న వద్దన్నాడు. దుకాణదారుడు అన్నతోనే మాట్లాడాడు. నేనడిగినదానికి జవాబు కూడా అన్నకే చెప్పాడు. ఎత్తైన డబ్బా ఒకటి పెట్టి పాట వేశాడు. గాజు తలుపులు గడగడలాడాయి, నా కడుపులో తిన్న అన్నం కదిలింది.

"సూశిన్రా అన్న, గుండె మీద గుద్దినట్టుంటది."

"మాకు గుద్దులు వద్దు, మాటలు కావాలి," అన్నాను.

అప్పుడు మొదటిసారి నా వైపు చూశాడు. "ఎవలికి మేడం?"

"మా బాపుకు. ఆయనకు సరిగా వినబడదు."

వచ్చేసింది ఆ నవ్వు. "అట్లయితె ఇంకింత పెద్దది సూపెడ్త."

నేను అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని మధ్యలో కూర్చున్నాను. నా ఫోన్‌లో గురువుగారి తత్వం తీసి, ఇదే పెట్టమన్నాను, అన్ని మిషన్ల మీదా. బరువు శబ్దం మర మధ్యలో ఉంచమన్నాను. కళ్ళు మూసుకుని ప్రతి మాట మొదలు వినబడుతోందా లేదా అని విన్నాను. నాలుగైదు సెట్లు మార్చాడు. లైట్లు ఎక్కువైన కొద్దీ మాట తక్కువైంది. అన్న బయటికి పోయి ఫోన్ చూసుకున్నాడు, చెల్లె పరువు తీస్తోందని అతని వీపు చెప్తూనే ఉంది. ఆఖరికి దుకాణదారుడు విసుగెత్తి వెనకనుంచి ఒక నల్లటి పెట్టె తెచ్చాడు, పైన దుమ్ము కూడా తుడవలేదు. "గిది ఎవలు కొంటలేరు మేడం. లైట్లు లేవు."

దాని మీద, రెండు చిన్న చెక్క స్పీకర్ల మీద గురువుగారు పాడారు. మద్దెల తన చోట తాను ఉంది. ఆయన మాటకూ మాటకూ మధ్య పెదవులు తెరుచుకోవడం కూడా విన్నాను. అదే తీసుకున్నాను. మా బాపుకు మాట అర్థం కాకపోతే వాపసు తెస్తానని మరీ చెప్పాను. "ఇనరాకపోతె మిషన్‌ది తప్పెట్లయితది," అన్నాడు ఆయన. ఇంకాసేపు ఉంటే నోరు జారేదాన్ని, అన్న సామాను కారులో పెట్టేశాడు.

మా ఊళ్ళో దింపగానే ఇంకో యుద్ధం. పాటల సెట్టు ఎవరింట్లో ఉన్నా స్పీకర్లు వీధి వైపు తిప్పి పెడతారు మా దగ్గర. పుట్టినరోజయినా, ఓణీల ఫంక్షనయినా, ఊరికే పొద్దుపోకపోయినా అంతే. ఇంట్లో మోగే పాట ఇంట్లోవాళ్ళ కోసం కాదు, వాడకట్టు కోసం. మా ఇంట్లో సెట్టు పెట్టారని వాడకట్టుకు తెలియకపోతే సెట్టు పెట్టనట్టే లెక్క. నేను వైర్లు విప్పుతుండగానే అన్న, పక్కింటాయన కలిసి స్పీకర్లను కిటికీలో బయటికి చూసేట్టు నిలబెట్టేశారు.

"ఇటు తిప్పండి," అన్నాను.

"ఇంట్లకు తిప్పితె ఎవలకినవడ్తది?" అన్నాడు అన్న.

"బాపుకు."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేనే తిప్పాను. బాపు కుర్చీకి ఎదురుగా, కూర్చుంటే ఆయన చెవులెంత ఎత్తులో ఉంటాయో అంత ఎత్తులో రెండు బల్లల మీద పెట్టాను. సౌండ్ మామూలుగానే ఉంచి, సన్న శబ్దం మర మెల్లగా తిప్పుతూ పోయాను. బాపు మొదట మర్యాదకు కూర్చున్నట్టు కూర్చున్నాడు. కాసేపటికి తల కొంచెం వంచాడు. తర్వాత పెదవులు కదిలాయి. గురువు కంటే ముందు కాదు, వెనక కాదు, గురువుతో పాటే. పాట అయిపోయాక నా వైపు తిరిగాడు.

"మాట అస్తున్నది బిడ్డ," అన్నాడు.

అవ్వ వంటింటి గడపలో నిలబడి కొంగు కళ్ళకు అద్దుకుంది. నేను అన్న వైపు గెలిచినట్టే చూశాను, దాచుకోవడమెందుకు.

ఆ సంగతి ఊళ్ళో తెలిసింది. ఇప్పుడు మేళాన్ని నడిపిస్తున్న కాక, బాపుకు తమ్ముడి వరస, మా ఇంటికొచ్చాడు. "అన్న మల్ల మేళంల పాడ్తనంటె ఈ శనివారం మీ ఇంట్లనే కూసుంటం," అన్నాడు. పాతదంతా నా మనసులోంచి ఎగిరిపోయింది. బడికి సెలవు పెట్టి వచ్చాను, అన్న కూడా జనగామ నుంచి వచ్చాడు.

పొద్దు వాలకముందే వాకిట్లో పందిరి కింద పరుపులు వేశాం. హార్మోనియం, మద్దెల, చిడతలు దిగాయి. కాక తన మైకు తెచ్చాడు. దాన్ని పొడుగు వైరుతో లోపలున్న ఆంప్లిఫయర్‌కు కలిపాను. స్పీకర్లు లోపలే, బాపు కుర్చీ వైపే. ముందు ఆయన లోపల కూర్చుని ఒకటి రెండు పాటలు మాటతో సహా వింటాడు, గొంతు కలుపుతాడు, ధైర్యమొచ్చాక బయటికి వచ్చి కూర్చుంటాడు. ఇదీ నా ఏర్పాటు.

కాక మైకులో హలో హలో అన్నాడు. పందిట్లో ఏమీ మోగలేదు. "మైకు అస్తలేదు," అన్నాడు.

"వస్తుంది కాకా, లోపల బాపుకు వస్తుంది," అని చెప్పాను.

"ఆయె తీ," అని దాన్ని పరుపు మీద అన్న మోకాలి పక్కన పెట్టేశాడు. వీధికి వినబడని మైకు వస్తున్నట్టెలా అవుతుంది, ఆయన లెక్కలో.

నేను, అవ్వ చాయ పెట్టడానికి వంటింట్లోకి పోయాం. గ్లాసుల్లో పోస్తుంటే ముందుగదిలో అన్న గొంతు వినబడింది. అన్న వాకిట్లో ఉన్నాడు కదా అనుకుంటూ పళ్ళెంతో గదిలోకి వెళ్ళాను. గదిలో బాపు ఒక్కడే ఉన్నాడు. చెవి మిషన్ జేబులో ఉంది. అన్న స్పీకర్లలో మాట్లాడుతున్నాడు.

"గింత మంచి సెట్టు బాపుకెందుకు కాక. చెల్లెది మొండి, చెప్తె ఇనది. అది మానుకోటకు పోయినంక దీన్ని నేను జనగామకు తీస్కపోత. నాకాడ ఇంకో పాతది ఉన్నది, తెచ్చి వెడ్త. ఆయనకేం ఎర్కైతది."

"అన్నను లోపట కూసోవెట్టుడు మంచిగైంది," ఇది కాక. "ముందర కూసుంటె మల్ల తాళం దప్పిస్తడు. నలుగురం అచ్చినమంటె ఆయనకు సంబురం, గంతే. రెండు పాటలు పాడి లేద్దాం."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు కూడా స్పష్టంగా వచ్చింది. నేను నెలల తరబడి చదివి, దుకాణదారుడితో పోట్లాడి, దుమ్ము పట్టిన పెట్టె ఏరి తెచ్చింది దీనికోసమా అనిపించింది. పళ్ళెం కింద పెట్టి మైకు మర తగ్గించడానికి చేయి చాపాను. బాపు నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఉండనియ్యి," అన్నాడు. "ఒక్కొక్క మాట సమజైతున్నది."

బయటికి పోయి అందరినీ దులిపేస్తానని కదలబోయాను. పట్టు వదల్లేదు. గనిలో మిషన్ పట్టిన చేయి అది. వాళ్ళు మాట్లాడుకున్నదంతా విన్నాడు. బర్రెల గురించి విన్నాడు, ఎవరిదో కూతురి పెళ్ళి గురించి విన్నాడు, తన గురించి ఇంకొకటి కూడా విన్నాడు, అది ఇక్కడ రాయను. ముఖంలో ఏ మార్పూ లేదు. ఇలాంటివి ఆయన ఎదురుగా కూర్చునే మేమందరం ఎన్నిసార్లు మాట్లాడుకుని ఉంటామో.

హార్మోనియం శ్రుతి మొదలైంది. బాపు లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, పందిట్లోకి నడిచాడు. పక్కన ఖాళీ చూపించారు. ఆయన మధ్యలోకి పోయి కాకకు ఎదురుగా కూర్చుని, చిడతలు ఇమ్మని చేయి చాపాడు. తర్వాత అన్న వైపు తిరిగాడు.

"కొడుకా, జనగామల సెట్టు జనగామలనే ఉండనియ్యి. నాకు గీదే మంచిగున్నది."

అన్న ముఖం పాలిపోయింది. గుమ్మంలో ఉన్న నన్ను కోపంగా చూశాడు, నేనే వెళ్ళి చెప్పాననుకుని. "ఎవలు చెప్పిన్రు బాపూ?" అని, అలవాటు కొద్దీ, అరిచాడు.

బాపు చెవికి చేయి అడ్డం పెట్టుకున్నాడు, నొప్పి పుట్టి. తర్వాత మామూలు గొంతుతో, "మెల్లగ మాట్లాడు," అన్నాడు. "మెల్లగ మాట్లాడినప్పుడే అంతా ఇన్న."